బల్ల దగ్గరికి వెళ్లని ఆదివారాలు

మొన్న నెల మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల ఆచరించారు. రొట్టె ముక్కల ట్రే వరసలు దాటుకుంటూ, చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నేను దాన్ని రెండు చేతులతోనూ అందుకుని, అందులోంచి ఏమీ తీసుకోకుండానే పక్కావిడకు అందించేశాను. ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉంది కాబట్టి చూడలేదు. చూసిందల్లా ముందు వరసలో కుర్చీ మీద వెనక్కి తిరిగి నిలబడి, ఆరాధన మొదలైన దగ్గర నుంచీ నన్నే పరీక్షగా గమనిస్తున్న ఒక నాలుగేళ్ల పాప. "మామ్మా, నువ్వెందుకు తీసుకోలేదు?" అని అంత నిశ్శబ్దంలోనూ గట్టిగా అడిగేసింది. వాళ్లమ్మ గబుక్కున పిల్లను ఒళ్లోకి లాక్కుని, నావైపు తిరిగి "సారీ ఆంటీ" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి నిన్నటి చారు వేడి చేసుకుంటుంటే ఆ పాప ప్రశ్న మళ్లీ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే మా అమ్మాయి ఒకప్పుడు నా తరఫున జవాబు చెప్పింది. ఆ సంగతి రాసుకుంటే మనసు కొంచెం తేలికపడుతుందేమోనని కాగితం ముందేసుకున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో చర్చిలో ఈ కుర్చీలు, ట్రేలు ఎక్కడివి? మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చునేవాళ్లం. బల్ల ఆదివారం నాడు పాస్టరు అయ్యగారు ముందుగానే చెప్పేవారు, ఎవరితోనైనా మాటల్లేకుండా ఉన్నవాళ్లు ముందు వెళ్లి సమాధానపడి రండి, పడలేనివాళ్లు కూర్చున్నచోటే కూర్చోండి అని. తక్కినవాళ్లు వరసగా లేచి, ముందున్న చెక్క కటకటాల దగ్గర మోకరించి రొట్టె, ద్రాక్షారసం తీసుకునేవాళ్లు. అందువల్ల లేవనిది ఎవరో చర్చి మొత్తానికీ తెలిసిపోయేది, ఆ మధ్యాహ్నానికల్లా కూర గిన్నెలతోపాటు ఆ కబురు కూడా ఇళ్లు మారేది. ఇప్పుడైతే ట్రే వస్తుంది, పోతుంది, ఎవరు తీసుకున్నారో ఎవరు మానేశారో పక్కవాళ్లకైనా తెలియదు. ఇదే మర్యాద అంటారు మా పిల్లలు, అయుండొచ్చు.

ఆ చాపల కాలంలో నేను నాలుగు నెలలపాటు బల్ల దగ్గరికి లేవలేదు. కారణం మా అక్క.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక నాకు జడలు వేసిందీ, బడికి పంపిందీ, పెళ్లిలో నా చెయ్యి పట్టుకుని చర్చి మెట్లు ఎక్కించిందీ తనే. తనకు పిల్లలు కలగలేదు. మొదట్లో ప్రార్థనలు పెట్టించుకుంది, ఉపవాసాలుంది, గుణదల మేరీమాత కొండ కూడా ఎక్కి వచ్చింది. మాది గుణదల వెళ్లే సంఘం కాదు కాబట్టి ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉంచమంది, ఇన్నేళ్లూ ఉంచాను. తర్వాత ఆ ఊసెత్తడం మానేసి నా పిల్లల్నే తన పిల్లలు అనుకుంది. మావారు రైల్వేలో గార్డు, డ్యూటీకని పెట్టె సర్దుకుని వెళితే మళ్లీ ఎప్పుడొచ్చేదీ ఆయనకే తెలిసేది కాదు. నేనొక చిన్న స్కూల్లో టీచరుని. ఆరేళ్ల అమ్మాయి నాతోపాటు బడికొచ్చేది, మూడున్నరేళ్ల అబ్బాయి మాత్రం రోజంతా అక్క దగ్గరే ఉండేవాడు. అక్కవాళ్లిల్లు కాలవ గట్టు మీద, వాకిట్లోంచి పదడుగులేస్తే నీళ్లలోకి దిగే మెట్లు.

వేసవిలో మన కాలవలు కట్టేస్తారు కదా, రెండు నెలలు అడుగు ఎండి, బీటలు తీసి ఉండేది. ఆ సెలవుల్లో ఒక సాయంత్రం నేనే పిల్లలిద్దరినీ ఆ మెట్లమీదుగా కిందికి తీసుకెళ్లి, ఎండిన మట్టిలోంచి తెల్లటి నత్తగుల్లలు ఏరుకోవడం చూపించాను. తర్వాత వాళ్లకది రోజూ ఆటయింది. అబ్బాయి జేబుల నిండా గుల్లలే, ఉతికేటప్పుడు చెయ్యి పెడితే గుచ్చుకునేవి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, నేను మాత్రం చాలా రోజులు గుర్తు పెట్టుకోవడం ఇష్టంలేక మరిచిపోయాను.

బళ్లు తెరిచాక ఒక రోజు పొద్దున కాలవలకు నీళ్లు వదిలారు. అక్క పిల్లాడికి అన్నం కలిపి, నెయ్యి గిన్నె తేవడానికి లోపలికెళ్లింది. వాడు ఎప్పటిలాగే గుల్లలకని మెట్లు దిగాడు. నిన్నటి దాకా నేల ఉన్నచోట ఆ రోజు నీళ్లున్నాయని మూడున్నరేళ్లవాడికి ఎవరు చెప్పారు? కింది రేవులో గేదెలు కడుగుతున్న ఒకాయన కొట్టుకొస్తున్న చొక్కా చూసి, దూకి పట్టుకున్నాడు గనక వాడు మాకు దక్కాడు. కబురు తెలిసి నేను బడిలోంచి పరుగెత్తుకెళ్లేసరికి వాడు అక్క ఒళ్లో ఆమె చీర కొంగు చుట్టుకుని ఎక్కిళ్లు పెడుతున్నాడు. అక్క కుడి చేతికి కలిపిన అన్నం మెతుకులు ఇంకా అలాగే అంటుకుని ఉన్నాయి.

పిల్లాడిని ఆ చేతుల్లోంచి లాక్కుంటూ నేనన్నాను, "నీ కడుపున ఒక్కడు పుట్టుంటే తెలిసేది నీకు."

గట్టు మీద పదిమంది ఉన్నారు, అందరూ విన్నారు. అక్క మెతుకులంటిన ఆ చేతిని వెనక్కి పెట్టుకుంది, అంతే. మర్నాడు బావగారు ఒక సంచీ తెచ్చి మా గడప లోపల పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. అందులో వాడి చొక్కాలు ఉతికి మడతలు పెట్టి ఉన్నాయి, వాటిమీద వాడు అన్నం తినే చిన్న స్టీలు పళ్లెం. ఆ పళ్లెం చూసి నాకు కోపం ఇంకా పెరిగింది. తప్పు చేసిందీ తనే, అలిగిందీ తనే అనుకున్నాను. అబ్బాయిని బడి పక్కనున్న ఒక ముసలావిడ దగ్గర దింపడం మొదలుపెట్టాను.

ఇంక ఇంట్లో జరిగిన ముచ్చట చెప్పాలి. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మాకు కుటుంబ ప్రార్థన ఉండేది. ఒక పాట, కొంచెం వాక్యం, తర్వాత పిల్లలు ఒక్కొక్కరి పేరూ చెప్పి దేవునికి స్తోత్రం చెప్పాలి. నాన్న, పెద్దమ్మ, పెద్దనాన్న, తాతయ్య, అలా మేనత్తల దాకా, చివరికి మావారి డ్యూటీ పెట్టె మోసే ఆయన దాకా ఉండేది ఆ చిట్టా. నేను అందులోంచి పెద్దమ్మను తీసేశాను. అమ్మాయికి ఊహ తెలిసింది కాబట్టి నా మొహం చూసి గ్రహించి తనూ తీసేసింది. అబ్బాయి తియ్యలేదు. నాన్న తర్వాత పెద్దమ్మ రావాలి, వాడి లెక్క అంతే. మనసులో చేసుకో నాన్నా అని మెల్లగా చెప్పి చూశాను. దాంతో వాడు ఆ ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆపేసి, పెదాలు మాత్రం ఇంతింత చేసి "పె-ద్ద-మ్మ" అని ఆడించేవాడు. గట్టిగా అన్నా బాగుండేది. చివర్లో అందరం కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేటప్పుడు మేం ఇతరులను క్షమించినట్టు మమ్మల్ని క్షమించు అనే మాట దగ్గర నా గొంతు దానంతటదే తగ్గిపోయేది, పిల్లల గొంతులు రెండే వినపడేవి.

ఒక సాయంత్రం వాడు కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి, తనంతట తానే చిట్టాకు ఒకటి కలిపాడు. "అమ్మ నాకు గుల్లల దారి చూపించింది, స్తోత్రం" అన్నాడు.

వాణ్ణి ఆ మెట్లు దింపింది నేను. ఈ మాట మావారితో చెప్పలేదు, అక్కను నిలదీసిన నాడు గట్టుమీద వాళ్లతో చెప్పలేదు, అన్నిటికంటే ముందు నాతో నేనే చెప్పుకోలేదు. మూడున్నరేళ్లవాడు నన్ను తప్పుపట్టకుండానే, పైపెచ్చు నా పేరున కృతజ్ఞత చెప్పి, దేవుని ముందు నిలబెట్టాడు. చిన్నప్పటి నుంచీ ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఒక్కటీ నన్నంతగా కుదిపెయ్యలేదు. అయినా మనిషి మొండితనం చూడండి, తప్పు తెలిశాక అక్క దగ్గరికి వెళ్లడం ఇంకా కష్టమైంది. అంతకు ముందు కోపంతో వెళ్లలేదు, ఆ తర్వాత సిగ్గుతో వెళ్లలేదు.

అక్కదీ మాదీ ఒకటే చర్చి. అక్క ఎప్పుడూ వెనక, గోడకు ఆనుకుని కూర్చునేది, నేను సండే స్కూలు టీచర్ని కాబట్టి పిల్లల్తో ముందు కూర్చునేదాన్ని. బల్ల ఆదివారం అందరూ లేస్తున్నప్పుడు నేను కళ్లు మూసుకుని తల వంచుకునేదాన్ని, చాప మీద పక్కవాళ్లు లేచినప్పుడల్లా ఆ గాలి తగిలేది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అక్క ఊసు ఎవరైనా ఎత్తబోతే వినకుండానే లేచిపోయేదాన్ని. అక్క హాయిగా వెళ్లి తీసుకుంటూ ఉంటుందని నా నమ్మకం. ఏడుపు కూడా వచ్చేది ఆ తలపుకి, ఆమెకు నేను లేకపోయినా జరిగిపోతోంది కాబోలునని.

ఆ రోజుల్లోనే సండే స్కూల్లో ఒక పిల్ల నన్నడిగింది, పెద్దవాళ్లకు పెట్టే రొట్టె మాకెందుకు పెట్టరు టీచర్ అని. మీరు పొద్దున ఒకళ్లతో ఒకళ్లు కటీఫ్ చెప్పుకుంటారు, సాయంత్రానికి జట్టు కడతారు, మళ్లీ పొద్దున కటీఫ్. పెద్దయ్యాక ఎవరితోనూ కటీఫ్ ఉండదు, అప్పుడు పెడతారు అని చెప్పాను. అప్పటికప్పుడు తోచిన జవాబు, బాగానే చెప్పాననుకుని లోలోపల మురిసిపోయాను కూడా. మా అమ్మాయి మొదటి వరసలోనే కూర్చుని వింది.

నాలుగో నెల. ఆరాధన అయ్యి అందరం వరండాలో చెప్పులు వెతుక్కుంటున్నాం. అయ్యగారి భార్య, అమ్మగారు అనేవాళ్లం, మెత్తని మనిషి, నా దగ్గరికొచ్చి అమ్మాయి బుగ్గ నిమురుతూ నన్నడిగారు, "ఏమ్మా, ఒంట్లో బాగుండటం లేదా? ఎన్నాళ్లైంది నువ్వు బల్ల దగ్గరికి వచ్చి."

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది. "మా అమ్మా మా పెద్దమ్మా ఇంకా చిన్నపిల్లలండీ. అందుకే ఇద్దరూ లేవట్లేదు. వాళ్లకి కటీఫ్ అయిపోయాక తీసుకుంటారండీ."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. అమ్మగారు నవ్వలేదు. నాకు ఆ నవ్వులేవీ వినపడలేదు, ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఇద్దరూ లేవట్లేదట. నేను కళ్లు మూసుకున్న ఆ నాలుగు నెలలూ, నా వెనక గోడ పక్కన మా అక్క కూడా లేవకుండా కూర్చునే ఉంది. నేను లేవకుండా తను లేవలేకపోయింది. ఆరేళ్ల పిల్ల అటూ ఇటూ దిక్కులు చూస్తూ కూర్చోబట్టి ఆ సంగతి చూసింది, భక్తిగా కళ్లు మూసుకున్న నాకు తెలియలేదు. తలెత్తి చూస్తే అక్క వరండా చివర ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. అంతా వింది. రెండో చెప్పు కూడా వేసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం పిల్లలిద్దరినీ తీసుకుని కాలవ గట్టున నడిచి వెళ్లాను. ఏమనాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి గానీ అబ్బాయి ఆగలేదు. నిన్ననే వచ్చి వెళ్లినట్టుగా తిన్నగా వంటింట్లోకి దూరి, గూట్లో వెతికి, "పెద్దమ్మా, నా పళ్లెం ఏది?" అన్నాడు.

"మీ అమ్మ దగ్గరుంది, అడుగు" అంది అక్క. నాలుగు నెలల తర్వాత మా మధ్య మొదటి మాట అది.

అక్క వాడికి తను తినే పెద్ద పళ్లెంలోనే అన్నం పెట్టి, అమ్మాయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ విప్పి, చిక్కులు తియ్యడం మొదలుపెట్టింది. నేను గుమ్మానికి ఆనుకుని "అక్కా, ఆ రోజు నేను..." అన్నాను. "ముందు తిను. మొహం చూడు ఎట్లా పీక్కుపోయిందో" అంది దువ్వెన ఆపకుండా. నేను తిన్నాను. మర్నాడు పొద్దున అబ్బాయిని దింపుతూ ఆ స్టీలు పళ్లెం తీసుకెళ్లి గూట్లో పెట్టి వచ్చాను. ఆ తర్వాతి నెల మేమిద్దరం కటకటాల దగ్గర పక్కపక్కన మోకరించాం, అక్క మోచెయ్యి నా మోచేతికి తగులుతూనే ఉంది.

పిల్లల దగ్గర నేర్చుకోవాలని అందరూ అంటారు. నేనూ సండే స్కూల్లో ఏళ్ల తరబడి అదే చెప్పాను. కానీ నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నది సగమే. పళ్లెం ఏది అని అడిగి వాడు లోపలికి దూరగలిగాడంటే, వాడి మనసులో నిజంగానే ఏమీ మిగల్లేదు. నేను కూడా వాడి వెనకే, వాడి దారినే దూరిపోయాను, నా నోట్లోంచి వచ్చిన మాటను మాత్రం వెనక్కి తీసుకోకుండా. అక్క అన్నం పెట్టింది కదా, అయిపోయిందనుకున్నాను. పెద్దదాన్నయినందుకు ఆ మాట నేను నోటితో చెప్పి తీరాల్సింది. తర్వాత ఇన్నేళ్లలో వేలసార్లు పక్కపక్కన కూర్చున్నాం, వడియాలు పెట్టాం, మావారు పోయినప్పుడు పది రోజులు నా పక్కనే పడుకుంది, బావగారు పోయినప్పుడు నేను తన పక్కన పడుకున్నాను. ఎప్పటికప్పుడు ఇప్పుడెందుకులే అనుకున్నాను.

ఈ ఏడు వానలు మొదలయ్యాక అక్కకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చాం. ఒక మధ్యాహ్నం గదిలో మేమిద్దరమే ఉన్నాం. మంచం పట్టీ పట్టుకుని అడిగేశాను. "అక్కా, పిల్లాడు కాలవలో పడ్డ రోజు నేను నిన్నొక మాటన్నాను. తప్పు నాదే, క్షమించు."

అక్క నావైపు తల తిప్పింది. "ఏ మాటే?" అంది. తర్వాత, "నువ్వు అన్నం తిన్నావా?" అంది.

రెండు రోజులకే పోయింది. ఆ మాట నిజంగానే మరిచిపోయిందో, నా కోసం మరిచిపోయినట్టు ఉందో నాకు తెలియదు. ఇంక తెలిసే దారి కూడా లేదు. మొన్న అబ్బాయి గన్నవరం నుంచి ఫోన్ చేస్తే కాలవ సంగతి ఎత్తాను. "నాకేం గుర్తు లేదమ్మా" అన్నాడు, మీటింగులో ఉన్నానని పెట్టేశాడు. బందరులో ఉన్న అమ్మాయికి తన కటీఫ్ మాట గుర్తు లేదట, అలా అన్నానా అని పకపకా నవ్వింది. మంచి పిల్లలే, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తారు. ఆ రోజు గట్టు మీద నిలబడ్డవాళ్లలో, ఆ మాట విన్నవాళ్లలో, గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలినట్టున్నాను.

అక్క పోయిన దగ్గర నుంచీ నేను బల్ల తీసుకోవడం లేదు. ఇది కూడా నాలుగో నెల. మోకాళ్ల నొప్పులని చెప్పుకోవడానికి కూడా లేదు, ట్రే కూర్చున్నచోటికే వస్తుంది. నిజమేమిటంటే నాకు ఈసారి ప్రభువుతోనే మాటల్లేవు. ఇన్నేళ్లు ఓపిక పట్టినవాడివి ఇంకొక్క వారం ఆగలేకపోయావా, అక్క నోటివెంట ఒక్క జవాబు విననివ్వకూడదా అని నాకు కోపం. సాయంత్రాలు మంచం మీద కూర్చుని ప్రార్థన మొదలుపెడతాను. పేర్ల చిట్టా ఇప్పుడు చిన్నదైపోయింది, అక్క పేరు ఉండాల్సిన చోటికి వచ్చి ఆగిపోతాను, నా బదులు ఆ పేరు పలికేవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు. మా చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవులు రోజూ వస్తాయి, అందరూ దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు పెడతారు, నేనూ ఒకటి పెట్టి ఫోన్ పక్కన పడేస్తాను.

మొన్న ఆ పాపను వాళ్లమ్మ ఒళ్లోకి లాక్కున్నాక, ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు చెయ్యని పని ఇప్పుడైనా చేద్దామనిపించింది. నేను లేవని రోజుల్లో అక్క లేవకుండా కూర్చున్నట్టు, నేను మాట్లాడని ఈ నాలుగు నెలలూ ఆ ప్రభువు కూడా నా వెనకే ఎక్కడో గోడకు ఆనుకుని, నేను లేస్తే లేద్దామని కూర్చుని ఉంటాడేమో అనుకున్నాను. మా పిల్లలు నాకు నేర్పిన దేవుడు అలాంటివాడే. నా వెనక ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది, దానిమీద ఎవరిదో గొడుగు ఉంది.

ఆ రోజుల్లో ఒకావిడ బల్ల దగ్గరికి లేవకపోతే చర్చి చర్చంతా చెవులు కొరుక్కునేది, అమ్మగారు వచ్చి అడిగేవారు, పిల్లలు నలుగురిలో పరువు తీసేవాళ్లు. అదంతా నాకప్పుడు నరకంలా ఉండేది. ఇప్పుడు ఎవరూ అడగరు, నాలుగు నెలలు కాదు, నాలుగేళ్లు మానేసినా అడగరు. అడిగింది ఆ పాపొక్కతే. ఇంత రాశాక తనకు చెప్పాల్సిన జవాబు దొరికింది. నేనింకా చిన్నపిల్లనే తల్లీ, నాకొకరితో కటీఫ్, అయిపోయాక తీసుకుంటాను అని చెప్పాలి. వచ్చే నెల మొదటి ఆదివారం కూడా అదే కుర్చీలో కూర్చుంటాను. పాప మళ్లీ వెనక్కి తిరిగి అడిగితే బాగుండును.